కట్టడానికి ముందు నీటిని అడుగుదాం

(బెంగళూరులోని ఒక తెలుగు సంఘం సర్వసభ్య సమావేశంలో, సంఘ సభ్యులైన ఒక విశ్రాంత సివిల్ ఇంజనీరు చేసిన ప్రసంగ పాఠం)



మన విద్యార్థి వసతి గృహ నిర్మాణానికి తుది ఆమోదం తెలిపే ముందు, స్థల పరిశీలన గురించి నాలుగు మాటలు చెప్పవలసిందిగా కార్యవర్గం వారు నన్ను ఆదేశించారు. విషయం నాలుగు మాటలతో తీరేది కాదు. కనుక మీ ఓర్పును ముందుగానే అర్థిస్తున్నాను.

మన స్థలాన్ని మీలో చాలామంది చూసే ఉంటారు. మొత్తం రెండు ఎకరాలు. రోడ్డు వైపు మెరక, వెనుక వైపు పల్లం. పల్లపు అంచున ఒక సన్నని కాలువ. దాని అవతల రేకుల గుడిసెలలో భవన నిర్మాణ కార్మికుల కుటుంబాలు. వారిలో అనేకులు పాలమూరు, కర్నూలు, రాయచూరు ప్రాంతాల నుంచి వచ్చిన వారు, మన భాష మాట్లాడేవారు. ఇప్పుడు మన ముందున్న పటంలో ఆ పల్లాన్ని మట్టి తోలి మెరక చేసి, దానిపై భోజనశాల, వాహనాలు నిలిపే చోటు నిర్మించాలని ఉంది. ఆ పల్లం సుమారు ముప్పావు ఎకరం. నేను ఈ రోజు మాట్లాడబోయేది ఆ ముప్పావు ఎకరం గురించే.

బెంగళూరు నగరం సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున, ఒక మిట్టపై వెలసింది. దీనికి ఆధారమైన జీవనది లేదు. అందుచేతనే ఈ ప్రాంతపు పూర్వులు లోయల వెంట చెరువులను తవ్వించారు. పై చెరువు నిండితే నీరు పొర్లి కాలువ ద్వారా కింది చెరువుకు చేరేది. పొర్లే ఆ చోటును కన్నడిగులు కోడి అంటారు. మనలో కొందరు అలుగు అంటారు, అనంతపురం, చిత్తూరు వైపు వారు మరవ అంటారు. పేర్లు వేరైనా ఏర్పాటు ఒక్కటే. చెరువులను కలిపే ఆ కాలువలే ఇక్కడి వాడుకలో రాజకాలువలు. ఒక చెరువును పూడ్చితే పోయేది ఆ చెరువు మాత్రమే కాదు, దానికి పైనున్న చెరువుకు దారి, దిగువనున్న చెరువుకు రాబడి కూడా పోతాయి.

నగరపు తూర్పు, ఉత్తర భాగాల నీరు కోరమంగల–చల్లఘట్ట లోయ, హెబ్బాళ లోయ గుండా దక్షిణ పినాకినిలో కలిసి తమిళనాడుకు పోతుంది. పశ్చిమ భాగపు నీరు వృషభావతి ద్వారా అర్కావతికి, అక్కడి నుంచి కావేరికి చేరుతుంది. నంది కొండల ప్రాంతంలో పుట్టిన పినాకినులు రెండు. ఉత్తర పినాకిని పెన్నగా మన అనంతపురం, కడప, నెల్లూరు జిల్లాలను తడుపుతుంది. దక్షిణ పినాకిని మనం వదిలే నీటిని మోస్తుంది. 2018 నుంచి కోరమంగల–చల్లఘట్ట లోయలో శుద్ధి చేసిన నీటిని కోలారు జిల్లా చెరువులకు పంపుతున్నారు. ఆ జిల్లాలో తెలుగు మాట్లాడే పల్లెలు ఎన్ని ఉన్నాయో మీకు నేను చెప్పనక్కరలేదు. ఈ నగరంలో నేలకు మనం చేసే మేలైనా కీడైనా చివరకు మన బంధువుల ఊళ్లకే చేరుతుందని చెప్పడానికి ఇంతగా ప్రస్తావించాను.

ఇక, ప్రజాప్రయోజనం కోసం కట్టే భవనానికి ఇంత విచారణ ఎందుకని కొందరు మిత్రులు నన్ను అడిగారు. ఈ నగర చరిత్రే దానికి సమాధానం చెబుతుంది. ధర్మాంబుధి చెరువు ఉన్న చోట నేడు కెంపేగౌడ బస్సు నిలయం ఉంది. సంపంగి చెరువు చోట కంఠీరవ క్రీడాంగణం వెలసింది. కోరమంగల చెరువు చోట జాతీయ క్రీడల నివాస సముదాయం, అక్కితిమ్మనహళ్లి చెరువు చోట హాకీ మైదానం, శూలె చెరువు చోట ఫుట్‌బాల్ మైదానం, సిద్ధికట్టె చోట కృష్ణరాజేంద్ర మార్కెట్టు వచ్చాయి. ఇవన్నీ ప్రజలకు ఉపయోగపడేవే. ఒక్కటి కూడా దురుద్దేశంతో కట్టినది కాదు. అయినా, వాటిలో నిలిచే నీరు ఎక్కడికి పోవాలన్న ప్రశ్నకు సమాధానం చెప్పకుండానే కట్టారు. చెప్పని సమాధానాన్ని వర్షం చెబుతూ వచ్చింది. 2022 సెప్టెంబరు తొలి వారంలో బెళ్లందూరు, మహదేవపుర, బాహ్య వలయ రహదారి ప్రాంతాలు మునిగి, పడవలలోనూ ట్రాక్టర్లపైనా మనుషులను తరలించిన దృశ్యం మనలో ఎవరూ మరువలేదు.

పెద్దల సమక్షంలో నా తప్పు ఒకటి చెప్పుకోవలసి ఉన్నది. ఉద్యోగంలో చేరిన తొలినాళ్లలో ఒక ధార్మిక సంస్థ కట్టదలచిన విద్యాలయానికి స్థల నివేదిక వ్రాసే పని నాకు అప్పగించారు. నేను ఏప్రిల్ నెలలో వెళ్లాను. నేల బీటలు వారి ఉంది. పశువులు మేస్తున్నాయి. ‘స్థలము పొడిగా ఉన్నది, నిర్మాణమునకు అనుకూలము’ అని వ్రాసి సంతకం చేశాను. ఆ పక్కనే ఒక వృద్ధుడు గొర్రెలను తోలుతూ, ‘అయ్యా, వానకాలంలో ఇక్కడ జమ్ము పెరుగుతుంది’ అని తెలుగులోనే చెప్పాడు. ఆ మాటను నా నివేదికలో చేర్చలేదు. కొలతకు అందని మాటను నివేదికలో ఎట్లా చేర్చడమని అనుకున్నాను. భవనం పూర్తయిన రెండవ వర్షాకాలంలో కింది అంతస్తు తరగతి గదులలోకి మోకాలి లోతు నీరు వచ్చింది. విద్యాలయం వారు ప్రహరీ ఎత్తు పెంచి, మట్టి పోయించి తమను కాపాడుకున్నారు. మరుసటి సంవత్సరం ఆ నీరు దిగువనున్న కూలీల గుడిసెలలోకి వెళ్లింది. ఒక తల్లి తడిసిన రేషను బియ్యాన్ని పట్టా మీద ఆరబెడుతూ ఉండగా చూశాను. ఆమె నన్ను ఏమీ అనలేదు, నేనెవరో ఆమెకు తెలియదు. ఆ నివేదిక మీద ఉన్నది నా సంతకమేనని నాకు మాత్రం తెలుసు.

అందువలన చిత్తడి నేలను ఎట్లా గుర్తించాలో ముందుగా మనవి చేస్తాను. చిత్తడి నేల అంటే ఎల్లవేళలా నీరు నిలిచి ఉండేది మాత్రమే కాదు. ఏడాదిలో కొంతకాలం నీటితో నిండి, మిగిలిన కాలం ఎండి కనిపించేది కూడా చిత్తడి నేలే. నేల తన స్వభావాన్ని మూడు గుర్తులతో తెలుపుతుంది: నీరు, మన్ను, మొక్క.

నీటి గుర్తును వర్షాకాలంలోనూ, వాన వెలిసిన తరువాతి వారాలలోనూ చూడాలి. చిల్లులు పెట్టిన గొట్టాలను నేలలో దించి, భూగర్భ జలం ఎంత పైకి వస్తున్నదో, ఎన్ని రోజులు నిలుస్తున్నదో వారం వారం వ్రాసుకోవాలి. గోడల మీద, చెట్ల మొదళ్ల మీద ఉన్న నీటి చారలు కూడా సాక్ష్యాలే.

మన్ను గుర్తును చేతి బరమాతో రెండు మూడు అడుగులు తొలిచి చూడవచ్చు. ఈ ప్రాంతపు మెరక నేల ఎర్రగా ఉంటుంది. నీరు నిలిచే చోట మట్టికి గాలి ఆడదు. అందులోని ఇనుము రూపం మారి కరిగిపోవడం వలన మన్ను బూడిద రంగుకు తిరుగుతుంది. వేళ్లు గాలిని తెచ్చిన చోట్ల మాత్రం తుప్పు రంగు చారలు మిగులుతాయి. ఎర్రమట్టి ప్రాంతంలో బూడిద రంగు మన్ను, అందులో తుప్పు చారలు కనబడితే, అది మే నెల అయినా సరే, ఆ నేల ఏటా నీటిలో మునుగుతున్నదని అర్థం. ఆనాడు నేను చేయవలసిన పని ఈ అరగంట పనే.

మొక్క గుర్తు మన పల్లెల నుంచి వచ్చిన వారందరికీ తెలిసినదే. జమ్ము మెరక నేలలో తనంతట తాను గుంపుగా పెరగదు. ఇది ఉన్న చోట ఏయే పక్షులు, కప్పలు, చేపలు ఏయే నెలల్లో కనబడుతున్నాయో కూడా నమోదు చేయించాలి.

ఈ మూడింటికి తోడు కాగితాల పరిశీలన ఉండాలి. పాత గ్రామ పటం, సర్వే నంబరు పటం తెప్పించి, కాలువ ఏ గీతపై వెళ్లిందో చూడాలి. పహాణీలో ఖరాబు అని ఉన్న భాగం ఏ తరగతిదో అడగాలి. కర్ణాటక రెవెన్యూ లెక్కలలో ‘బి’ ఖరాబు అంటే దారులు, వాగులు, చెరువుల వంటి ప్రజావసరాలకు ఉంచిన భూమి. దానిని అమ్మే హక్కు ఎవరికీ లేదు, కొన్నా అది మనది కాదు. పత్రాలన్నీ సక్రమమని విక్రేత చెప్పడం వేరు, పటం మీద కాలువ ఎక్కడ ఉన్నదో మన సర్వేయరు చూపించడం వేరు.

ఇక అనుమతుల సంగతి. ఇందులో మనవారికి కొన్ని అపోహలు ఉన్నాయి కనుక వివరంగా చెబుతాను.

మొదటిది, కేంద్ర ప్రభుత్వపు 2017 చిత్తడి నేలల సంరక్షణ, నిర్వహణ నియమాలు. వీటి ప్రకారం గుర్తింపు పొందిన చిత్తడి నేలను ఇతర వినియోగాలకు మార్చరాదు, ఆక్రమించరాదు, చెత్త పోయరాదు, శుద్ధి చేయని మురుగు వదలరాదు. గత పదేళ్ల సగటు గరిష్ఠ వరద మట్టం నుంచి 50 మీటర్ల లోపల, పడవల రేవులు తప్ప శాశ్వత కట్టడం కట్టరాదు. అయితే సాగునీటికి, తాగునీటికి మనుషులు నిర్మించిన చెరువులు ఈ నియమాల నిర్వచనంలోకి రావు. బెంగళూరు చెరువులలో అత్యధికం అటువంటివే. ఈ ఒక్క మాటను పట్టుకొని ‘మనకు ఏ అడ్డంకీ లేదు’ అనేవారున్నారు. కానీ 2017 ఫిబ్రవరిలో సర్వోన్నత న్యాయస్థానం, దేశపు చిత్తడి నేలల పటంలో 2.25 హెక్టార్లకు మించినవిగా నమోదైన 2,01,503 చిత్తడి నేలలను పాత 2010 నియమాల సూత్రాల ప్రకారం కాపాడాలని ఆదేశించింది. అంతేగాక కర్ణాటకలో చెరువుల పరిరక్షణకు 2014 నాటి ప్రత్యేక చట్టం ఉన్నది.

రెండవది, నిర్మాణ రహిత హద్దు. 2007లో ఆమోదం పొందిన బెంగళూరు సవరించిన బృహత్ ప్రణాళిక–2015 చెరువు చుట్టూ 30 మీటర్లు, కాలువలకు వాటి స్థాయిని బట్టి మధ్య గీత నుంచి 50, 25, 15 మీటర్లు విడవాలని చెప్పింది. 2016 మే 4న జాతీయ హరిత న్యాయస్థానం చెరువు హద్దును 75 మీటర్లకు పెంచింది. 2019 మార్చి 5న సర్వోన్నత న్యాయస్థానం ఆ సాధారణ ఆదేశాన్ని రద్దు చేసి, ప్రణాళికలోని హద్దులే వర్తిస్తాయని చెప్పింది. హద్దులు ఇట్లా మారుతూ వచ్చాయి కనుక, దరఖాస్తు పెట్టే నాటికి అమలులో ఉన్న హద్దు ఎంతో ప్రణాళికాధికార సంస్థ నుంచి వ్రాతపూర్వకంగా తీసుకోవాలి. హద్దు తగ్గినంత మాత్రాన వరద తగ్గదు అన్నది కూడా మనం గుర్తుంచుకోవాలి.

మూడవది, పర్యావరణ అనుమతి. 2006 సెప్టెంబరు 14 నాటి ప్రకటన ప్రకారం 20,000 చదరపు మీటర్లు, అంతకు మించిన నిర్మాణ విస్తీర్ణం గల భవనాలకు ముందస్తు అనుమతి కావాలి. విద్యాసంస్థలకు దీని నుంచి మినహాయింపు ఉందన్న మాట మన సంఘంలో వినబడుతున్నది. 2025 జనవరిలో అటువంటి మినహాయింపు నిచ్చిన మాట నిజమే. అదే సంవత్సరం ఆగస్టు 5న సర్వోన్నత న్యాయస్థానం దానిని కొట్టివేసింది. పాఠశాల అయినా వసతి గృహం అయినా ఆ పరిమాణానికి చేరితే నియమం ఒక్కటే. మన భవనం అంత పెద్దది కాదు. కనుక ఈ అనుమతి మనకు అవసరం రాదు. అయితే అనుమతి అవసరం లేదన్నంత మాత్రాన పరిశీలన అవసరం లేదని కాదు. చిన్న భవనం కింది నేల కూడా నీటిని పట్టుకునే నేలే.

ఇప్పుడు మన ముప్పావు ఎకరానికి వస్తాను. ఆ పల్లంలో ఒక అడుగు లోతు నీరు నిలిస్తే అది సుమారు 9 లక్షల 25 వేల లీటర్లు. 2024 వేసవిలో మన ఇళ్ల ముందు ఆగిన 12,000 లీటర్ల ట్యాంకర్ల లెక్కలో చెప్పాలంటే 77 ట్యాంకర్లు. మట్టి తోలి మెరక చేస్తే ఆ నీరు మాయమైపోదు. కాలువ అవతలికి, ఆ రేకుల గుడిసెలలోకి పోతుంది. పైగా వేసవిలో మన బోరుబావికి అందవలసిన ఊట తగ్గుతుంది. నేలలో ఇంకే నీటిని ముందు పక్కవారి ఇళ్లలోకి తరిమి, తరువాత అదే నీటిని ట్యాంకరులో కొనుక్కోవడం మన పటంలో దాగి ఉన్న ఏర్పాటు.

దీనికి మార్గం లేకపోలేదు. ఇటువంటి చోట పాటించవలసిన వరుస ఒకటి ఉన్నది. మొదట తప్పించుకోవాలి: కట్టడాన్ని చిత్తడి నుంచి పక్కకు జరపగలమా అని చూడాలి. అది సాధ్యం కాని చోట తగ్గించాలి: తాకే విస్తీర్ణాన్ని కనీసానికి తేవాలి. అప్పటికీ నష్టం మిగిలితేనే దానికి బదులుగా అదే నీటి దారిలో మరొక చిత్తడిని పునరుద్ధరించాలి. బదులు చివరి మెట్టు. చాలామంది దానినే మొదటి మెట్టుగా చేసుకొని, ఇక్కడ పూడ్చి ఎక్కడో మొక్కలు నాటి ఫొటో తీయించుకుంటారు.

పునరుద్ధరణ అంటే ఏమిటో కూడా స్పష్టం చేయాలి. చుట్టూ రాతి గోడ, నడక దారి, రంగు దీపాలు పెట్టడం అలంకరణ మాత్రమే. పునరుద్ధరణలో మొదటి పని నీరు వచ్చే దారిని, పోయే దారిని తెరవడం. రెండవది మురుగును ఆపడం. మూడవది ఒడ్డును నిటారుగా కోయక వాలుగా ఉంచడం. వాలు ఒడ్డున లోతు తక్కువగా ఉంటుంది కనుక తుంగ, జమ్ము మొలుస్తాయి, కొంగలు నిలుస్తాయి. పూడిక తీసేటప్పుడు అడుగున ఉన్న బంకమన్ను పొరను చీల్చకూడదు. ఆ తరువాత కనీసం ఐదు వర్షాకాలాలు నీటినీ, మొక్కలనూ కనిపెట్టి ఉండాలి.

ఇది పుస్తకాల మాట కాదు. మన నగర ఉత్తరాన జక్కూరు చెరువుకు వెళ్లి చూడండి. శుద్ధి కేంద్రం నుంచి వచ్చిన నీరు నేరుగా చెరువులో పడదు. ముందు జమ్ము, గుర్రపుడెక్క పెరిగిన చిత్తడి గుండా మెల్లగా ప్రవహించి, అక్కడ మరికొంత తేరుకొని, చెరువుకు చేరుతుంది. సర్జాపుర రోడ్డున కైకొండ్రహళ్లి చెరువు ఒకప్పుడు మురుగుతో కునారిల్లింది. నగరపాలక సంస్థ, చుట్టుపక్కల నివాసులు కలిసి దానిని మళ్లీ నిలబెట్టారు. ఇందుకు భిన్నంగా నగరంలోకెల్లా పెద్దదైన బెళ్లందూరు చెరువు నురుగు కక్కింది, మంటలు లేచాయి. 2018 జనవరిలో ఆ మంటలను ఆర్పడానికి సైనికులు దిగవలసి వచ్చింది. నీటి చెరువుకు నిప్పంటుకోవడం మన తాతలు కలలోనైనా ఊహించని సంగతి.

మన పటానికి నేను సూచించే మార్పులు ఇవి. భోజనశాలను రోడ్డు వైపు మెరకలో, గదుల కిందనే ఏర్పాటు చేద్దాం. అందువలన ఒక అంతస్తు పెరుగుతుంది, లిఫ్టు ఖర్చు కూడా పెరుగుతుంది. వాహనాల చోటు సగానికి తగ్గుతుంది. ఆ లోటును మనం భరించవలసిందే. వసతి గృహం పిల్లల కోసం కదా, మన కార్ల కోసం కాదు. పల్లాన్ని పల్లంగానే ఉంచి, కాలువ హద్దును సర్వే చేయించి రాళ్లు పాతిద్దాం. మన మురుగును మన ఆవరణలోనే శుద్ధి చేసి, ఆ నీటిని మరుగుదొడ్లకు, తోటకు మళ్లీ వాడుకుందాం. పైకప్పు వాన నీటిని తొట్టెలలో పట్టి, మిగిలినదానిని ఆ పల్లానికి వదులుదాం. అక్కడ తుంగను పెరగనిద్దాం. మన పిల్లలు కిటికీలోంచి కొంగలను చూస్తూ చదువుకుంటారు.

దాతలు ఏమంటారన్నది కార్యవర్గం వారి ఆందోళన. వచ్చే జూన్‌కు పిల్లలు చేరాలన్నది తల్లిదండ్రుల ఆశ. ఆ ఆశ నాకు తెలియనిది కాదు, నేనూ ఊరు విడిచి వచ్చి అద్దె గదులలో చదువుకున్నవాడినే. అయినా ఒక వర్షాకాలం ఆగి, నీటి లెక్క తీసి, అటు తరువాత పునాది వేయాలని నేను కోరుతున్నాను. ఈ ఏడాది పిల్లల కోసం అద్దె భవనం తీసుకుందాం. ఆ అద్దెలో నా వంతు నేను ఇస్తానని ఈ సభలోనే మాట ఇస్తున్నాను. దాతలకు మనమే వెళ్లి చెబుదాం: మీ పేరు చెక్కిన శిలాఫలకం మీదికి నీరు ఎక్కకూడదనే ఈ ఆలస్యం అని.

ఇంకొక్క మనవి. ఈ పరిశీలన మొదలుపెట్టే రోజున కాలువ అవతలి గుడిసెల వారిని పిలుద్దాం. నీరు ఎప్పుడు వస్తుందో, ఎక్కడి వరకు వస్తుందో, ఎన్నాళ్లు నిలుస్తుందో మన యంత్రాల కంటే ముందు వారికి తెలుసు. వారి మాటను నివేదికలో, వారి మాటగానే వ్రాయిద్దాం. ఆనాడు ఆ గొర్రెల కాపరి మాట వ్రాయని చేతితో ఈసారి ఆ పేజీ నేనే వ్రాస్తాను.

పల్లాన్ని పూడ్చాలా, ఉంచాలా అన్నది ఇప్పుడు మీ చేతులలో ఉన్నది.